చింత చచ్చినా పులుపు చావని కార్లు: పాత స్పీడు సెడాన్ కొనాలా, ఉంచుకోవాలా, వదిలేయాలా?

ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చిన మా మేనల్లుడు సకినాలు నములుతూ వాకిట్లోకి పోయి, కవర్ కప్పి ఉన్న నా బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. 2010 మోడల్ బీఎండబ్ల్యూ 330ఐ, ఏపీ 09 నంబరు. "మామా, నాకు గూడ ఇట్లాంటిదే కావాలె. ఇరవై లక్షల లోపట. ఏది కొనమంటవ్?" అన్నాడు. ఫోన్లో అప్పటికే నాలుగు బండ్లు దాచిపెట్టుకున్నాడు. ఢిల్లీలో ఒక 330ఐ, మియాపూర్‌లో 2017 స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్, బెంగళూరులో హోండా అకార్డ్ వీ6, ఎవరో దోస్తు చెప్పిన మెర్సిడెస్ సీ63. అప్పు దొరికితే బీఎండబ్ల్యూ ఎం340ఐ కూడా చూద్దామని ఐదో ఆశ.

లోపలి నుంచి మా ఆవిడ, "ముందుగాల మీ బిల్లుల ఫైలు చూపియ్యుండ్రి వానికి, తర్వాత బండి చూపిద్దురు" అంది. ఫైలు తెచ్చి వాడి ముందు పెట్టాను. ఆ మధ్యాహ్నం వాడికి చెప్పినవే ఇవి, కొంచెం సర్ది రాస్తున్నాను.

పాత స్పీడు బండికి పోయేవాళ్లు మొదట ఒక లెక్క ఒంటపట్టించుకోవాలి. కారు రేటు ఏటేటా పడిపోతుంది, దాని పార్టుల రేటు పడిపోదు. కొత్తప్పుడు 40 లక్షలు పలికిన బండిని మీరు 8 లక్షలకు తెచ్చుకున్నా, దానికి పగిలిన హెడ్‌లైటు 40 లక్షల బండి హెడ్‌లైటే. లేబరూ అంతే. అందుకే "ఎంతకు వస్తోంది" అన్న ప్రశ్న దగ్గర ఆగినవాళ్లు ఏడాదిన్నరలో మళ్లీ అమ్మకానికి పెడతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అనేది ఈ బండ్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది.

నా లెక్క చెప్తాను. 2016లో 58 వేల కిలోమీటర్ల మీద 14 లక్షలకు కొన్నాను. ఇప్పుడు మీటరు 1,21,000 దగ్గరుంది. పెట్రోలు, ఇన్సూరెన్సు తీసేసి ఈ తొమ్మిదేళ్లలో పెట్టింది 11 లక్షల పైచిలుకు. టైర్లు రెండుసార్లు మార్చినవి కూడా అందులోనే. ఈ రోజు అమ్మితే బ్రోకర్ 6 అంటాడు, ఆ ఆరు కూడా టీ తాగాక ఐదున్నర అవుతుంది. ఖర్చు ప్రతి ఏడూ సమంగా రాదు. రెండేళ్లు ఆయిలూ ఫిల్టర్లతో గడిచిపోతాయి, మూడో ఏడు రెండున్నర లక్షలు ఒకేసారి మీద పడతాయి. నెలకింత అని పక్కన వేసుకోనివాడికి ఆ మూడో ఏడు బండి మీద కోపం వస్తుంది.

330ఐ: నాకు తెలిసిన జబ్బులు

ఎందుకు ఉంచుకున్నానో ముందు చెప్పాలి. ఎన్52 అనే ఆ మూడు లీటర్ల ఇంజిన్లో ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉంటాయి, టర్బో లేదు. 250 హార్స్‌పవర్ పైనే. పెడల్ తొక్కినంత మేర శబ్దం, వేగం కలిసి పెరుగుతాయి, మధ్యలో ఆలోచించుకోవడం ఉండదు. స్టీరింగ్ హైడ్రాలిక్, చేతికి రోడ్డు తెలుస్తుంది. ఇప్పుడొచ్చే బండ్లు దీనికంటే వేగంగా పోతాయి, ఒప్పుకుంటాను. తెల్లవారుజామున ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ దాకా పోయొచ్చిన రోజు మాత్రం 11 లక్షలు గుర్తుకురావు.

ఇక జబ్బులు. ఈ ఇంజిన్‌కు వాటర్ పంప్ బెల్టుతో తిరగదు, కరెంటుతో తిరుగుతుంది. బెల్టు పంపు అయితే చప్పుడు చేసో, నీళ్లు కార్చో ముందు చెప్తుంది. ఇది చెప్పదు. నాది 2018 మే నెలలో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర, సాయంత్రం ఆరింటికి, ముందూ వెనకా బండ్లు కదలని సమయంలో ఆగిపోయింది. మీటర్లో ఎర్ర గుర్తు రాగానే ఇంజిన్ ఆపేశాను కాబట్టి బతికింది. "ఇల్లు దగ్గరేగా" అనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు లాగినవాళ్ల బండ్లకు సిలిండర్ హెడ్ వంగిపోయి, ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చింది. పంపూ థర్మోస్టాట్ కలిపి బయటి గ్యారేజీలో నాకు 60 వేలు అయింది. లక్ష కిలోమీటర్లో, పదేళ్లో దాటిన ఎన్52 కొంటుంటే, పాతది బాగానే పనిచేస్తున్నా మార్చేయాలన్నది నా లెక్క. అమ్మేవాడి దగ్గర బిల్లు లేకపోతే ఆ 60 వేలూ రేటులో కోయండి.

రెండోది చూడ్డానికి చిన్నది. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ కింద ఒక రబ్బరు గాస్కెట్ ఉంటుంది, రెండు వేల లోపు వస్తువు. మన ఎండకు, ట్రాఫిక్‌లో గంటల తరబడి ఐడ్లింగుకు అది ఎండిపోయి ఆయిల్ చెమర్చడం మొదలుపెడుతుంది. 2019లో నేను చూపించిన చోట "కొంచెం చెమ్మే సార్, ఏం కాదు" అన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ చెమ్మ సరిగ్గా కిందున్న బెల్టు మీద పడుతుంది. నాలుగు నెలలకు ఔటర్ మీద బెల్టు జారి చీలికలైంది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది, బ్యాటరీ లైటు వెలిగింది. బెల్టు పీలికలు క్రాంక్ పుల్లీ వెనక్కి పోయి, ముందు ఆయిల్ సీల్ లోపలికి దూరాయి. ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి (సంప్) దించి పీలికలన్నీ ఏరాల్సి వచ్చింది. రెండు వేల రబ్బరు 70 వేలకు తేలింది. పాత జర్మన్ బండిలో "కొంచెం చెమ్మ" అనే మాటకు నేను ఇప్పుడు చెవి ఇవ్వను.

సంప్ దించారంటే ఇంకో సంగతి. ఈ ఇంజిన్ బ్లాకులో మెగ్నీషియం ఉంటుంది కాబట్టి దానికి అల్యూమినియం బోల్టులు వాడారు. ఒకసారి విప్పితే పారేయాల్సినవి, మళ్లీ బిగిస్తే తెగుతాయి. కొత్త గ్యారేజీకి పోయినప్పుడు మెకానిక్‌ను మాటల్లో పెట్టి "సంప్ బోల్టులు పాతవే వేస్తారా?" అని అడుగుతాను. "బాగానే ఉంటయి సార్, ఎందుకు దండగ" అంటే నవ్వి బయటికి వచ్చేస్తాను.

గేర్‌బాక్స్ ఆయిల్ బండి ఉన్నంతకాలం మార్చక్కర్లేదని కంపెనీ అంటుంది. ఆ గేర్‌బాక్సులు చేసే జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదంటే ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. తయారుచేసినవాడి మాటే విన్నాను. టైర్ల సంగతి క్లుప్తంగా: గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలువి వేశాను, డిక్కీలో గాలి పంపు, పంక్చర్ కిట్ పెట్టాను. స్టెప్నీ లేదన్న భయం కొంచెం ఉంటుంది. కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద నడుము మాత్రం సుఖపడింది.

ఆక్టేవియా ఆర్ఎస్: బుద్ధిమంతుడి స్పీడు

2017లో వచ్చిన ఆర్ఎస్ 230ని నేను రెండు వారాలు నడిపాను, పక్క కాలనీ మిత్రుడిది. రెండు లీటర్ల టర్బో పెట్రోలు, 230 హార్స్‌పవర్, 350 ఎన్ఎం టార్క్ (లాగే బలం). 330ఐ అంత ముచ్చటగా పాడదు. కానీ కింది రెవ్‌లలోనే లాగుతుంది, సిటీలో రోజూ తొక్కడానికి అదే హాయి. డిక్కీ 590 లీటర్లు, ఊరికి పోతే రెండు బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పడతాయి. నా బండి సిటీలో లీటరుకు 6, 7 ఇస్తే ఇది 8, 9 ఇచ్చింది. లీటరు 107 దాటిన ఊళ్లో ఆ తేడా చిన్నదేం కాదు.

అసలు బలం ఇంకోటి. ఈ ఈఏ888 ఇంజిన్ కుటుంబం సూపర్బ్‌లో ఉంది, టిగువాన్‌లో ఉంది, ఆడి ఏ4లో ఉంది. అంటే హైదరాబాద్‌లో దీని మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌లు పదిమంది దొరుకుతారు, పార్టులు నాలుగు దారుల్లో వస్తాయి. నా 330ఐకి ఈ మాట చెప్పలేను. దాని మీద నమ్మకంగా చెయ్యి పెట్టేవాళ్లు నాకు తెలిసి ఇద్దరు, అందులో ఒకాయనకు మోకాళ్ల నొప్పులు.

రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డీఎస్‌జీ గురించి జనంలో ఒక గందరగోళం ఉంది. "డీఎస్‌జీ అంటే పోయేదే" అంటారు. మామూలు ఆక్టేవియా 1.8లో ఉన్నది ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ, ఆ పేరు తెచ్చింది అదే. ఆర్ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్లది, దాని క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉంటాయి. మన ట్రాఫిక్ వేడిని ఇది చాలా బాగా ఓర్చుకుంటుంది. ఒకటే షరతు, 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. ఆ బిల్లు చూపించలేని ఆర్ఎస్‌ను, ఎంత మెరుస్తున్నా, పక్కన పెట్టమని మావాడికి చెప్పాను.

జబ్బులు ఇక్కడా ఉన్నాయి. థర్మోస్టాట్, వాటర్ పంప్ కలిసి ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ వేడికి వంగి కూలెంట్ కారుస్తుంది. కూలెంట్ మట్టం నెల నెలా కొంచెం తగ్గుతుంటే అనుమానించాల్సింది దాన్నే. డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుంటుంది. 70, 80 వేలకు ఒకసారి విప్పి శుభ్రం చేయిస్తే పోయిన ప్రాణం తిరిగొస్తుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కంపెనీది కాదు, పాత ఓనరుది. ఆర్ఎస్ కొన్న కుర్రాళ్లలో చాలామంది ఆరు నెలల్లో "స్టేజ్ వన్" చేయిస్తారు. లాప్‌టాప్ పెట్టి అరగంటలో టార్క్‌ను 400 దాటించేస్తారు, సైలెన్సర్‌లో పటాకులు పేలుస్తారు. అమ్మే ముందు మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ ఎక్కించి "కంప్లీట్ స్టాక్ సార్" అంటారు. క్లచ్‌లు తిన్న దెబ్బ సాఫ్ట్‌వేర్‌తో పోదు. స్కానర్ పెట్టి ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ)లో సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చారో చూడగలిగినవాణ్ని వెంట తీసుకుపోవాలి. ఓనరు రాత్రి పదకొండుకు ఎక్కడ తిరుగుతాడో వాళ్ల వాచ్‌మన్‌ను అడిగినా తెలుస్తుంది, నేను అడిగాను కూడా.

మిగిలిన మూడూ

అకార్డ్ వీ6ను చాలామంది మర్చిపోయారు. 3.5 లీటర్లు, 275 హార్స్‌పవర్, 2008 తర్వాత వచ్చినది. ఇంజిన్ ఇనుపముద్ద, చావదు. లక్ష కిలోమీటర్ల దగ్గర టైమింగ్ బెల్టు మారిస్తే చాలు. కానీ బాడీ పార్టులకు, లైట్లకు నెలల తరబడి ఎదురుచూడాలి. నడిపితే వేగంగా పోయే సోఫాలా ఉంటుంది. మావాడికి ముప్పై ఏళ్లు, నాకు యాభై రెండు. నేనైతే కొంటాను, వాడు విసుక్కుంటాడు.

సీ63 గురించి మాటలు తక్కువ చేశాను. 6.2 లీటర్ల వీ8, 457 హార్స్‌పవర్, ఆ శబ్దానికి చేతి మీద వెంట్రుకలు లేస్తాయి. మొదటి ఏళ్లలో వచ్చిన ఆ ఇంజిన్లకు హెడ్ బోల్టులు తుప్పుపట్టి తెగుతాయని ప్రపంచమంతటికీ తెలుసు. అదే కాలపు బీఎండబ్ల్యూ ఎం3, ఎం5లకు కనెక్టింగ్ రాడ్ బేరింగులను ముందుజాగ్రత్తగా మార్చుకుంటూ పోవాలి. 20 లక్షల బడ్జెట్‌తో ఇలాంటి బండి కొనడమంటే పెళ్లికి అప్పుతెచ్చిన సొమ్ముతో బాణసంచా కాల్చడమే. ఏడాదికి 5, 6 లక్షలు కళ్లు మూసుకుని పెట్టగలవాడికైతే నేను అడ్డుచెప్పను, ఒక రౌండు కూర్చోబెట్టుకోమంటాను.

ఎం340ఐ వేరే లోకం. 2021లో ఇక్కడికి వచ్చింది, ఆరు సిలిండర్ల టర్బో, 387 హార్స్‌పవర్, నూరు కిలోమీటర్ల వేగం 4.4 సెకన్లలో. నా బండికి మనవడే అనుకోండి. సెకండ్‌హ్యాండ్‌లో కూడా మావాడి బడ్జెట్‌కు రెండింతల పైనే. దాన్ని తీసుకునేవాళ్లకు ఒకటే చెప్తాను: కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలి ఉన్నది చూసుకోండి, అయిపోయే ఆరు నెలల ముందే ఉంచుకోవాలో అమ్మాలో తేల్చుకోండి. వారంటీ ఉన్న ఎం340ఐ, వారంటీ లేని ఎం340ఐ రెండూ ఒకే రంగులో ఉంటాయి గానీ ఒకే బండి కాదు.

మరి 20 లక్షలకు షోరూమ్ నుంచే కొత్తది ఎందుకు వద్దు? ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ఉంది, స్కోడా స్లావియా ఉంది, 1.5 టర్బో, 150 హార్స్‌పవర్. ఆర్ఎస్ పక్కన పెడితే నెమ్మదే. కానీ ఇంట్లో ఉన్నది ఒక్క కారే, పొద్దున ఎనిమిదింటికి పిల్లల స్కూలు, తర్వాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు అయితే, పాత స్పీడు బండి మాటే ఎత్తవద్దు. పార్టు కోసం నా బండి గ్యారేజీలో 23 రోజులు పడి ఉన్న సందర్భం ఉంది. అన్ని రోజులు క్యాబుల మీద తిరగగలరా అన్నది మెకానిక్‌ను కాదు, ఇంట్లోవాళ్లను అడగాలి.

ఎవరి చేతిలో పెట్టాలి

బండి ఎంపికలో సగం మెకానిక్ ఎంపికే. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌కు మించింది లేదు, రికార్డు ఉంటుంది, అమ్మేటప్పుడు పనికొస్తుంది. వారంటీ దాటాక వాళ్ల పద్ధతి మనకు పడదు. లీకవుతున్న చిన్న ముక్క కోసం మొత్తం అసెంబ్లీ మార్చమంటారు. పైగా పదిహేనేళ్ల బండి నేర్చుకున్న టెక్నీషియన్ ఎప్పుడో వేరే ఉద్యోగానికి పోయి ఉంటాడు, కొత్త కుర్రాడు స్కానర్ ఏం చెప్తే అదే చదువుతాడు.

బయట రెండు రకాలు. కొండాపూర్, జూబ్లీహిల్స్ వైపు ఏసీ లాంజ్, కాఫీ ఇచ్చే పెద్ద గ్యారేజీలు ఒకటి. ఇరుకు సందులో నలుగురు కుర్రాళ్లతో ఒక భాయ్ నడిపేది ఇంకోటి. నేను రెండోదాని మనిషిని. మా భాయ్ చెవి పెట్టి విని "సాబ్, బేరింగ్ బోల్‌రా హై" అంటాడు, స్కానర్ తర్వాత అదే అంటుంది. అయితే ఆయన దగ్గర బిల్లు పుస్తకం ఉండదు, పండగ వారం షట్టరు తెరవడు, గేర్‌బాక్స్ కోడింగ్ లాంటివి వేరేచోట చేయించుకోవాలి. అందుకే ఇంజిన్, సస్పెన్షన్ ఆయనకు, ఎలక్ట్రానిక్స్ పెద్ద గ్యారేజీకి పంచాను. ప్రతి పనికీ తేదీ, మీటరు రీడింగు, పార్టు నంబరు నేనే డైరీలో రాసుకుంటాను.

పార్టుల్లో కంపెనీ పెట్టె ఉన్నది ఒక్కటే మంచిదనుకోకండి. ఆ పెట్టెలో ఉన్న వస్తువును బాష్, మాలే, లెమ్‌ఫోర్డర్, పియర్‌బర్గ్ లాంటి వాళ్లే చేసిస్తారు. వాళ్ల సొంత పెట్టెలో కొంటే అదే వస్తువు తక్కువకు వస్తుంది. నకిలీల భయం ఉంది కాబట్టి రాణిగంజ్‌లో బేరమాడి కొనేటప్పుడు పాత పార్టు చేతిలో పట్టుకుపోయి అచ్చు, నంబరు పోల్చుకుంటాను. కరిగిపోయే, అరిగిపోయే వాటికి (పంపులు, బుష్‌లు, గాస్కెట్లు, సెన్సర్లు) ఎప్పుడూ కొత్తవే. అద్దం, సీటు మోటారు, డోర్ హ్యాండిల్, లైటు లాంటివైతే ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట స్క్రాప్ నుంచి తెప్పించుకోవచ్చు. నా ఎడమ హెడ్‌లైటు అలా వచ్చిందే, కొత్తదాని రేటులో నాలుగో వంతుకు.

మన ఊరు బండికి చేసే పనులు

హైదరాబాద్‌లో ఇంజిన్ కంటే ముందు సెల్లార్ గురించి ఆలోచించాలి. వారానికోసారి తీసే బండి సెల్లార్‌లో ఉంటే ఎలుకలు బానెట్ కింద కాపురం పెడతాయి. మా తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో ఒక ఆడి వైరింగ్ హార్నెస్‌ను మూడు రాత్రుల్లో కొరికేశాయి, చిన్న తీగ కాదు, ఇంజిన్ మొత్తం కట్ట. పొగాకు కట్టలు, స్ప్రేలు అన్నీ చూశాను. నాకు పనిచేసింది రాత్రిపూట బానెట్ కొంచెం ఎత్తి పెట్టి కింద ఒక చిన్న లైటు వేయడం, రెండు రోజులకోసారి బండి తీయడం. వానాకాలంలో అదే సెల్లార్ చెరువవుతుంది. 2020 అక్టోబరు వానలకు ఊళ్లో ఎన్ని ఖరీదైన బండ్లు సెల్లార్లలో మునిగాయో గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్‌లో నీళ్లు చేరి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు, దానికి వేరే యాడ్-ఆన్ కావాలి, పాత బండికి ఆ యాడ్-ఆన్ దొరకడం కష్టం. కొనేముందు సీట్‌బెల్టును చివరిదాకా లాగి చూడండి. కింది భాగంలో బురద గీత కనిపిస్తే మాట్లాడకుండా వచ్చేయండి.

ఇక పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. 2010 బండి రబ్బరు పైపులు, సీళ్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి వారాల తరబడి నిలబెట్టే బండిలో సగం ట్యాంకు పెట్రోలు వదిలేయకూడదు. ట్యాంకు నిండుగా ఉంచుతాను, లేదా తీసి తిప్పుతాను. ఇంధనపు పైపులను రెండేళ్లకోసారి భాయ్ చేత పరీక్ష చేయిస్తాను. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీల్చేదే, మీటరు ఎంత తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకు మార్చాల్సిందే.

కాగితాలు

ఢిల్లీ 330ఐ మియాపూర్ దానికంటే చాలా చౌకగా కనిపించింది మావాడికి. అక్కడ పాత బండ్ల మీద వయసు ఆంక్షల భయం ఉంది కాబట్టే చౌక. అక్కడి నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి తెలంగాణ నంబరు వేయించుకోవాలి, లారీ మీద తేవాలి. ఇవన్నీ కలిపి కాగితం మీద వేశాక చౌక సగానికి పైగా కరిగింది. అదీ 2010 బండే, పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ కూడా అయిపోయిందని వాడు చూసుకోనే లేదు.

నాకు ఆ రెన్యువల్ నిరుడే అయింది. ఆర్టీఏలో బండి చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు ఉండాలి, ఐదేళ్లకు ఇస్తారు. పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్ ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేసింది. విదేశం నుంచి పూర్తిగా తయారై దిగుమతైన కారుకు అదే 40,000. ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000, దిగుమతి బండికి 80,000. సీ63 మీద మోజు పడేవాళ్లు ఈ వరుస ఒకసారి చదువుకోవాలి.

ఇన్సూరెన్సులో పాత బండికి తగిలే దెబ్బ చాలామందికి క్లెయిము రోజే తెలుస్తుంది. ఐదారేళ్లు దాటాక జీరో డిప్రిసియేషన్ (పార్టుల రేటులో తరుగు కోయకుండా ఇచ్చే కవరు) దొరకడం అరుదు. అప్పుడు ప్లాస్టిక్, రబ్బరు పార్టుల్లో సగమే ఇస్తారు. పదేళ్లు దాటితే ఇనుప పార్టుల్లోనూ సగమే. లక్ష రూపాయల బంపర్, లైటు పోతే యాభై వేలు మీ జేబులోంచే. ఇంకా పెద్దది: రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే బండి టోటల్ లాస్ అంటారు. ఐడీవీ 5 లక్షలున్న బండికి ముందు భాగం గట్టిగా తగిలితే చాలు, ఆ గీత దాటుతుంది. అందుకని ప్రీమియం కొంచెం పెరిగినా ఐడీవీని ఏటా మాట్లాడి నిలబెట్టుకుంటున్నాను.

చూడబోయిన రోజు

మియాపూర్ బండి చూడ్డానికి నేను, మావాడు, భాయ్ ముగ్గురం పోయాం. పొద్దున ఏడింటికే పోయాం, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయాలని. వేడి ఇంజిన్ జబ్బులన్నీ దాస్తుంది. ఓనరు మేం వచ్చేసరికే "వార్మప్" చేసి ఉంచాడు. భాయ్ బానెట్ మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. టైర్ల మీద నాలుగంకెల తేదీ చదివాం, రెండు 2019వి, రెండు 2023వి. డీఎస్‌జీ బిల్లు అడిగితే "వాట్సాప్‌లో ఉంది, పంపిస్తా" అన్నాడు. ఇప్పటికీ పంపలేదు.

రెండో ఆర్ఎస్ నిజాంపేటలో, మూడోది తార్నాకలో చూశాం. తార్నాకది ఒక రిటైర్డ్ ప్రొఫెసర్‌ది, 64 వేలు తిరిగింది, డీఎస్‌జీ ఆయిల్ మార్చిన బిల్లు ఫైలులో పిన్ కొట్టి ఉంది. లిఫ్టు మీద ఎక్కిస్తే థర్మోస్టాట్ హౌసింగ్ చుట్టూ కూలెంట్ కారిన గులాబీ రంగు మరక. భాయ్ "పకడ్ లియా" అన్నాడు. ఆ మరకను ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే ప్రొఫెసర్‌గారు తనకు తెలియదని నొచ్చుకుని, అడగకముందే 40 వేలు తగ్గించారు.

మావాడు అడ్వాన్సు ఇచ్చాడు. రేటులో మిగిలిన డబ్బులకు కొత్త అల్లాయ్‌లు వేయిద్దామా అని దారిలో అడిగాడు. ముందు ఒక అకౌంటు తెరిచి మూడు లక్షలు అందులో వేసి, ఆ పాస్‌బుక్ వాళ్లావిడ చేతికి ఇవ్వమన్నాను. స్కూటీ కూడా అమ్మొద్దన్నాను, హౌసింగ్ మార్చే వారం ఆఫీసుకు పోవాలిగా.

నా బండికి 2030 దాకా ఆర్‌సీ ఉంది. 2018లో వేసిన వాటర్ పంప్‌కు ఎనిమిదేళ్లు నిండుతున్నాయి, ఈ మే రాకముందే మార్చేయమని భాయ్ రోజూ గుర్తుచేస్తున్నాడు. పియర్‌బర్గ్‌ది ఆర్డరు పెట్టాను. మా ఆవిడ ఆ బిల్లు ఫైలులో ముందే చోటు పెట్టి ఉంచింది.